వంచుడు బాబాయి

బండి స్టార్ట్ కాని చోట ఆయన మొలుస్తాడు. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేక కుర్రాడు బిక్కమొహం వేసేసరికి, లుంగీ ఎగ్గట్టుకుని, పళ్ల మధ్య వేపపుల్లతో పక్కనే ఉంటాడు. వీధికొకడు తప్పదు. సొంతానికి బండి ఉండదు, అదే అర్హత. ఉన్నవాడికి ఊరి బండ్లు చూసే తీరికెక్కడిది?

మొదటి ప్రశ్న మారదు. "పెట్రోలుందా?" ఉందంటే నమ్మడు. మూత తీయించి, బండి ఊపించి, లోపలి గలగల వింటూ నాడి పట్టిన వైద్యుడిలా కళ్లు మూసుకుంటాడు. మొన్న మా వీధిలోనూ అంతే.

"రిజర్వులో పెట్టరా."

"దీనికి రిజర్వు ఉండదు బాబాయ్ గారూ."

"చోకు లాగు."

"చోకూ లేదండీ."

"పోనీ, కిక్కు కొట్టు."

"కిక్కు రాడ్డే ఇవ్వలేదండీ."

"మరి లక్ష పోసి ఏం కొన్నావురా?"

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలై, చాలా కొత్త బండ్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ రావడాన్ని ఆయన తనమీద జరిగిన కుట్రగానే లెక్కేస్తాడు. జెట్టు ఊదడం, ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో రుద్దడం... కూడబెట్టుకున్న విద్యంతా ఒక్క జీవోతో పోయింది మరి.

ఆ విద్యకు గురువు చేతక్ స్కూటరు. బుక్ చేస్తే ఏళ్ల తరబడి రాని రోజుల్లో వాళ్లన్నయ్య సంపాదించాడు. పొద్దున్నే దాన్ని పక్కకు వంచి, లేపి, కిక్కు కొడితే వీధంతా పొగ. ఆ పొగలోనే బాబాయికి జ్ఞానోదయమైంది. అప్పట్నుంచి ఏ బండి మొరాయించినా ఆఖరి మందు ఒకటే: "వంచు!"

"ఇది వంచే బండి కాదండీ..."

"నీకు తెలుసా, నాకు తెలుసా? స్టాండు తియ్."

పాలవాడూ పేపరు కుర్రాడూ చెరో పక్కా పట్టారు. ఇంతకీ అసలు రోగం ఆ స్టాండే. రాత్రి బండి కుర్రాడు దాన్ని గేరులోనే వదిలేశాడు. గేరులో ఉండగా సైడ్ స్టాండు దించి ఉంటే సెల్ఫు పనిచెయ్యనివ్వని స్విచ్చి ఉంది దానికి. స్టాండు మడవగానే జబ్బు నయమైంది. ఆ సంగతి ఎవరికీ తెలీదు కనక వైద్యం కొనసాగింది. తాళం ఆన్‌లో ఉండగానే హ్యాండిల్ నేలను తాకేదాకా వంచారు. బండి పడిపోయిందనుకుని లోపలి సెన్సరు ఇంజిను అందుకోకుండా కట్ చేసేసింది. లేపి నొక్కితే మళ్లీ శూన్యం.

బాబాయి వేపపుల్ల ఉమ్మి, "తాళం తీసెయ్. కాస్త ఊపిరి పీల్చుకోనీ పాపం" అన్నాడు.

తాళం తీసి పెడితే సెన్సరు మామూలవుతుందని ఆయనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బండి కుర్రాడు మళ్లీ తాళం తిప్పి, క్లచ్ పట్టి నొక్కాడు. ఒక్క నొక్కుకే అందుకుంది.

"చూశావా, వంచుడు మహిమ!" అంటూ బాబాయి వెనక సీటెక్కేశాడు. "ఆపకు, మళ్లీ మొదటికొస్తుంది. రైతుబజారు దగ్గర దింపెయ్. నువ్వెళ్లేది అటేగా?"

"కాదండీ, నేను స్టేషన్‌కి..."

"బండి ఇప్పుడే లేచింది. పోను పోను ఎత్తు అటు. రైతుబజారు వైపైతే పల్లం, దానికి మంచిది. పోనీ!"