ఏడో తరం సార్, అవ్వదు

మా వీధి చివర సిస్టం షాపు కుర్రాడు నా సీపీయూకి వైర్లు తగిలించాడు. స్క్రీన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్ చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఏడో తరం సార్, అవ్వదు" అన్నాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. మా పెద్దక్కకి సంబంధాలు చూసే రోజుల్లో పెళ్లిళ్ల పేరయ్య పంచాంగం మూస్తూ "సగోత్రం, అవ్వదు" అనేవాడు. అచ్చం అదే గొంతు.

నేనేమీ గొంతెమ్మ కోరికలు కోరలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి నూకలు చెల్లిపోయాయని లోకమంతా అంటుంటే, పదకొండు వేయించుకుందామని పోయానంతే. పెళ్లికైనా అటేడు తరాలు, ఇటేడు తరాలు చూస్తే చాలంటారు పెద్దలు. ఇక్కడ ఏడు చాలదట, ఎనిమిది కావాలట.

ఈ సిస్టంని 2017లో విజయదశమి నాడు కొన్నాను. సెప్టెంబరు 30, శనివారం. ముహూర్తం మా ఆవిడ పెట్టింది. ఇంటికి తేగానే సీపీయూకి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకీ నా స్కూటర్‌కి పడినట్టే దీనికీ ఒక నిమ్మకాయ పడుతూనే ఉంది. ఇన్నేళ్లలో ఇది నన్ను ఒక్కసారీ నడిరోడ్డు మీద నిలబెట్టలేదు, స్కూటర్ చాలాసార్లు నిలబెట్టింది. అయితే డెస్క్‌టాప్‌లకి ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు మార్కెట్‌లోకి వచ్చింది ఆ ఏడాది అక్టోబరు 5న. అంటే మా విజయదశమికి సరిగ్గా అయిదు రోజుల తర్వాత. నాలుగేళ్లు గడిచాక, 2021లో మళ్లీ అదే అక్టోబరు 5న విండోస్ 11 వచ్చి, ఆ రెండు తరాల మధ్యనే గీత గీసింది. "అమ్మవారు మంచి రోజే ఇచ్చింది, ఇంటెల్ వాళ్లే ఆలస్యం చేశారు" అని మా ఆవిడ ఇప్పటికీ తన ముహూర్తాన్ని సమర్థించుకుంటోంది.

సరే, వధువుకి ఉండాల్సిన లక్షణాలేమిటో చూద్దామని జాబితా తీశాను. ర్యామ్ 4 జీబీ కావాలి, నా దానికి 8 ఉంది. స్థలం 64 జీబీ కావాలి, లాక్‌డౌన్‌లో వేయించిన ఎస్సెస్డీ 240. రెండు కోర్లు, ఒక గిగాహెర్ట్జ్ వేగం ఉంటే చాలు. నా దానికి నాలుగు కోర్లు, మూడు గిగాహెర్ట్జ్. ఇక టీపీఎం 2.0 అని ఒకటుంది. రహస్య తాళాలు భద్రంగా దాచుకునే చిన్న ఏర్పాటు. ఇది మాత్రం లేదంటారేమోనని గుండె దడదడలాడింది. తీరా బయోస్‌లోకి వెళ్లి పీటీటీ అన్నచోట ఆన్ చేస్తే అదీ లేచి కూర్చుంది. పదికి పది పొంతనలూ కుదిరాయి. పిల్ల చక్కగా ఉంది, చదువుకుంది, వంటా వచ్చు. తరం ఒక్కటే తక్కువ.

నియమం అందరికీ ఒకటే అయితే తల వంచుకునేవాడిని. కానీ అర్హత ఉన్న ప్రాసెసర్ల జాబితాలో ఏడో తరానికి చెందిన ప్రాసెసర్‌కి ఒక చోటు దొరికింది. 7820హెచ్‌క్యూ దాని పేరు. అర్హత నియమాలు ప్రకటించాక, 2021 ఆగస్టులో దాన్ని తీసుకొచ్చి చేర్చారు. అదేం పుణ్యం చేసుకుందో అని ఆరా తీస్తే, విండోస్ తయారీదారే సొంతంగా అమ్మిన సర్‌ఫేస్ స్టూడియో 2 అనే ఖరీదైన కంప్యూటర్‌లో ఉన్నది అదేనని తేలింది. ఇల్లరికపు అల్లుడికి గోత్రం ఎవరు అడుగుతారు?

2015లో విండోస్ 10 వచ్చేటప్పుడు ఆ సంస్థ ఉద్యోగి ఒకాయన ఒక సదస్సులో, ఇదే ఆఖరి విండోస్ అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. నేను నమ్మాను. "ఇవే నా చివరి ఎన్నికలు" అన్న నాయకుణ్ని మూడుసార్లు గెలిపించిన వాణ్ని, నమ్మకపోతే ఆశ్చర్యం గానీ.

ఇంతకీ వాళ్లు చెప్పే కారణం భద్రత. ఆ మాటని ఎగతాళి చేయను. 2017 మేలో వానాక్రై అనే వైరస్ లోకమంతా తిరిగి, ఫైళ్లకి తాళాలు వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల సిస్టంలు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దొంగ వచ్చి పోలీసుకే బేడీలు వేసినట్టయింది. దానికి విరుగుడు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివాళ్లు మునిగారు. కాబట్టి మరమ్మతులు రాని సిస్టంలో బ్యాంకు పని చేయొద్దంటే బుద్ధిగా వింటాను.

కానీ అదే మేలో జరిగిన ఇంకో ముచ్చట ఉంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న పిండం పెట్టేశారు. మూడేళ్ల తర్వాత వానాక్రై వచ్చేసరికి ఆ ఎక్స్‌పీకి కూడా హడావుడిగా విరుగుడు విడుదల చేశారు. అంటే చచ్చిపోయిందన్నదాన్ని అవసరమైతే లేపి కూర్చోబెట్టవచ్చన్నమాట. ఇక విండోస్ 10 అయితే అసలు చావనే లేదు. బిల్లింగు కౌంటర్లకి, ఆసుపత్రి పరికరాలకి, మీట నొక్కితే టికెట్ ఇచ్చే పెట్టెలకి వేసే ఒక రకం విండోస్ 10 ఉంది. దానికి భద్రతా మరమ్మతులు 2032 జనవరి 13 దాకా వస్తాయి. ఆఫీసులకైతే మొదటి ఏడాదికి ఒక్కో సిస్టంకి 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు చొప్పున మొత్తం మూడేళ్లు. బడులకి మొదటి ఏడాది ఒక్క డాలరు. మనలాంటి ఇళ్లవాళ్లకి 30 డాలర్లు, అదీ ఒక్క ఏడాదికే.

వంటశాలలో పొయ్యి ఆరలేదు. గరిటెల చప్పుడు వినిపిస్తూనే ఉంది, పోపు వాసన వీధిలోకి వస్తూనే ఉంది. మన విస్తరి మాత్రం ఎత్తేశారు. పైగా చేతులు కడుక్కోకముందే వచ్చి, "మీ ఆరోగ్యం కోసమే లేపాం, కొత్త ఇల్లు కట్టుకుని రండి, వడ్డిస్తాం" అంటున్నారు. అక్టోబరు 14 అనేది యంత్రం ఆయుర్దాయం కాదు, లెక్కల పుస్తకంలో ఒక తేదీ. కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ ఈ దెబ్బకి 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని 2023లోనే అంచనా కట్టింది. అన్నింటికీ బొట్టు పెట్టి ఉండకపోవచ్చు గానీ, వాటిలో చాలావాటికి స్విచ్ వేస్తే వెలుగుతుంది.

ఇలాంటప్పుడు మనకి సలహాలకి లోటుండదు. డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్‌లో "అంత ఆలోచనెందుకు మామయ్యా, కొత్త ల్యాప్‌టాప్ కొనెయ్" అన్నాడు. వాడు అక్కడ ఏది పాడైనా, పాడవకపోయినా కొనేస్తాడు. "ఏం పాడైందిరా ఇది?" అంటే "ఏం పాడవలేదు, సపోర్ట్ అయిపోయింది" అన్నాడు. తల్లిదండ్రుల గురించి కూడా వీళ్లు ఎప్పుడో ఇలాగే అంటారేమోనని ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మా బావగారిది మరో దారి. "విండోస్ కంపెనీ పెద్ద సత్య నాదెళ్ల మన హైదరాబాదు కుర్రాడే కదండీ, బేగంపేటలో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడు. మా తోడల్లుడి తమ్ముడూ ఆ స్కూలే. ఎవరిచేతైనా ఒక మాట చెప్పిస్తే పోలా?" అన్నారు. పింఛను దగ్గర్నుంచి తిరుపతి దర్శనం దాకా అన్నీ ఒక మాట చెప్పించే సాధించిన మనిషి. ప్రాసెసర్‌కి సిఫార్సు ఉత్తరం పనిచేయదంటే ఆయన ఇప్పటికీ నమ్మడం లేదు.

చివరికి షాపు కుర్రాడే దారి చూపించాడు. "బైపాస్ కొట్టేద్దాం సార్. అయిదొందలు."

గుండెకి బైపాస్ అంటే ఇంటిల్లిపాదీ కాగితాల మీద సంతకాలు పెడతారు. దీనికి చాయ్ కూడా చల్లారలేదు. "మరి నా డేటా?" అంటే "డీ డ్రైవ్ జోలికి పోను సార్, సీ ఒక్కటే ఫార్మాట్ కొడతా" అన్నాడు. ఆ మాటకి నేను ఊరట పడ్డాను. డెస్క్‌టాప్ మీద ఉన్నదంతా ఆ సీలోనే ఉంటుందని తెలిసినవాడైతే గుండెలు బాదుకునేవాడు. అలమర ఖాళీగా ఉన్నా బట్టలన్నీ కుర్చీ మీద వేసే జాతి మనది. నా పదేళ్ల రాతలన్నీ ఆ కుర్చీ మీదే ఉన్నాయి.

సాయంత్రానికి సిస్టం ఇంటికొచ్చింది. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి జరిగి నడిమధ్యకి వచ్చి కూర్చుంది, కొత్తగా పదవి వచ్చిన వార్డు మెంబరులా. డెస్క్‌టాప్ కడిగిన పళ్లెంలా ఉంది. డీ డ్రైవ్‌లో మా కాలనీ సంఘం సావనీర్ కోసం రాసిన పాత వర్డ్ ఫైలు ఒకటి మిగిలింది. ప్రాణం లేచొచ్చి దాన్ని తెరిచాను. తెరమీద అక్షరాలైతే ఉన్నాయి, తెలుగు లేదు. నెత్తిన టోపీలు, గడ్డాల కింద తోకలు, కళ్ల మీద చుక్కలు పెట్టుకున్న ఏవో యూరప్ అక్షరాలు పేజీలకి పేజీలు బారులు తీరి ఉన్నాయి. మా అధ్యక్షులవారి సందేశం ఏ స్వీడన్ రాజుగారో పంపినట్టుంది.

డీటీపీ పని తెలిసినవాళ్లు ఈపాటికి నవ్వుకుంటుంటారు. ఆ ఫైలు అను ఫాంట్లలో కొట్టింది. యూనికోడ్ ఇంటింటికీ రాకముందు తెలుగులో పెళ్లి శుభలేఖ అయినా, పార్టీ కరపత్రం అయినా, కవితా సంపుటి అయినా అను స్క్రిప్ట్ మేనేజరూ పేజ్‌మేకరూ కలిసి కన్న బిడ్డే. ఆ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇప్పటికీ మన ఊళ్లలో ప్రెస్సు వెనక గదిలో ఏ విండోస్ 7 మీదో ఆ జంట కాపురం చేస్తూనే ఉంది. ఇంటర్నెట్ తీగ పీకేసి, పైన బట్ట కప్పి, "దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు" అని ఓనరు గర్భగుడిలా కాపలా కాస్తుంటాడు. ఆయన్ని ఇన్నాళ్లూ వెనకబడిన మనిషి అనుకున్నాను. వెళ్లి కాళ్లకి దండం పెట్టాలి.

మర్నాడు షాపుకి పరిగెత్తాను. "అను వేస్తే కనిపిస్తుంది సార్, సీడీ ఉందా?" అన్నాడు. ఉంది. బీరువాలో, పాలసీ కాగితాల కింద భద్రంగా ఉంది. దాన్ని పెట్టే ట్రే లేదు. ఎస్సెస్డీ వేసినప్పుడు "సీడీలు ఎవరు వాడుతున్నారు సార్" అంటూ ఆ చోట్లోనే దాన్ని బిగించింది ఈ కుర్రాడే. డెస్క్‌టాప్ ఫైళ్ల సంగతి అడిగితే, "మీరు చెప్పలేదు కదా సార్" అన్నాడు. నిజమే, చెప్పలేదు. కడుపు కోసేముందు డాక్టరుకి లోపల పేగులున్నాయని మనమే చెప్పాలి కాబోలు.

"పోనీ, ఇకనైనా అప్‌డేట్లు వస్తాయా?" అన్నాను. అందుకే కదా ఇదంతా. కుర్రాడు నిజాయితీపరుడు, దాచలేదు. "రావచ్చు సార్. గ్యారంటీ అయితే లేదు. అర్హత లేని సిస్టంలో వేసుకుంటే హామీ ఇవ్వమని వాళ్లే చెప్పారు." మరమ్మతులు రావని పదిని పీకించి, మరమ్మతులకి హామీ లేని పదకొండుని వేయించుకున్నాను. మధ్యలో పోయింది పదేళ్ల రాతలు, అయిదొందల రూపాయలు.

ఇంకో అయిదొందలిచ్చి పది మళ్లీ వేయించాను. అప్పుడు తెలిసింది, ఇంట్లోవాళ్లకి ఆ 30 డాలర్లు కట్టకుండానే 2026 అక్టోబరు 13 దాకా మరమ్మతులు పొందే దారులు రెండున్నాయని. మన సెట్టింగులన్నీ తీసుకెళ్లి వాళ్ల ఖాతాలో దాచుకుంటే ఉచితం. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుకునేసరికి అక్కడివాళ్లకి దాచుకోవాలన్న ఆ షరతు కూడా తీసేశారు. మన దగ్గర గట్టిగా పట్టుకోవడం అంటే ఒక మాట చెప్పించడమే కాబట్టి షరతు అలాగే ఉంది. రెండో దారి, వాళ్ల రివార్డు పాయింట్లు వెయ్యి. వాళ్ల సెర్చ్‌లో ఏదైనా వెతికితే కొన్నేసి చొప్పున కూడుతుంటాయి.

నేను మొదటి దారిన పోయాను. పోవడానికి నా దగ్గరింకేం మిగల్లేదు కాబట్టి అభ్యంతరం అనిపించలేదు. మా బావగారి దగ్గర కూడా ఆరో తరం సిస్టం ఒకటుంది. "నా వాల్‌పేపరు వాళ్లకెందుకండీ" అంటూ ఆయన పాయింట్ల దారి పట్టారు. రోజూ రాత్రి భోజనం కాగానే కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటారు. మొదటి వారం ఆయుర్వేదం, భూముల ధరలు, ఎన్టీఆర్ పౌరాణికాల జాబితా వెతికారు. రెండో వారానికి వంకాయ దగ్గరికొచ్చారు. గుత్తి వంకాయ, వంకాయ పచ్చిపులుసు, వంకాయకి ముచ్చిక ఎందుకు, వంకాయ తింటే దురద ఎందుకు.

నిన్న రాత్రి పదింటికి ఫోన్ చేశారు.

"ఆరువందల నలభై అయ్యాయి బావగారూ. నాకొచ్చిన సందేహాలన్నీ అయిపోయాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఏమైనా ఉంటే కాస్త పంపండి."