ఫిర్యాదులు నిల్, చెవులు నార్మల్

మన దేశంలో దేవుడి మీద కూడా ఫిర్యాదులుంటాయి. ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్యం చూసిపెట్టే సేవాసంస్థల మీద మాత్రం ఉండవు. నమ్మకపోతే ఏ పారిశ్రామికవాడలోనైనా ‘ఓహెచ్‌సీ’ (ఆక్యుపేషనల్ హెల్త్ సెంటర్) అని బోర్డు పెట్టుకున్న గదిలోకి తొంగి చూడండి. ఒక మంచం, ఒక బీపీ మిషను, కాస్త స్పిరిట్ వాసన, గోడకి ఫ్రేము కట్టించిన కాగితం. అందులో సంస్థ సాధించిన విజయాలన్నీ వరసగా ఉంటాయి. ఆఖరి వరస: ‘ఈ సంవత్సరం వచ్చిన ఫిర్యాదులు: నిల్’. పోయినేడూ నిల్లే. ముందటేడూ నిల్లే. ఇంతటి ఘనకార్యం ఎలా సాధిస్తున్నారో కనుక్కుంటే కరెంటాఫీసుకీ, ఆర్టీసీకీ కూడా పనికొస్తుందని ఈ వారం ఆ పని మీద ఉన్నాను.

కిటుకల్లా కస్టమరు ఎవరన్నది ముందే తేల్చుకోవడంలో ఉంది. ఇక్కడ చెవి అప్పగించేవాడొకడు, చెక్కు రాసేవాడొకడు. సంస్థ లెక్కలో రెండోవాడే కస్టమరు. మొదటివాడు ‘హెడ్’. తలకింత అని బిల్లు వేస్తారు కాబట్టి ఆ పేరు. ఆ తలకి అటూ ఇటూ చెవులుంటాయన్న సంగతి బిల్లులో దానికో కాలమ్ ఉంటేనే గుర్తొస్తుంది.

అసలు కస్టమరు ఫిర్యాదు చేస్తే సంస్థ ఎంత చురుగ్గా కదులుతుందో చూసి తీరాలి. హెచ్ఆర్ మేనేజరుగారు ఫోన్ చేస్తారు. ‘ఏంటండీ మీ డాక్టరుగారు, గ్రైండింగ్ షెడ్డులో సగంమందికి చెవి సరిగ్గా లేదని రాసిపారేశారు? రేపటి ప్రొడక్షన్ ఆయనొచ్చి చేస్తారా?’

‘సారీ సర్. చూస్తాం సర్.’

సాయంత్రానికి చూసేస్తారు. డాక్టరుగారికి ఇంకో ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీ చూపిస్తారు. కొత్తగా వచ్చిన డాక్టరుగారి కలానికి ‘ఫిట్’ తప్ప వేరే మాట రాదు. రిఫరెన్సు నంబరు లేదు, కమిటీ లేదు, విచారణ లేదు. ఫిర్యాదుల పరిష్కారమంటే అదీ.

మరో ఫిర్యాదు: పరీక్షలకి మనుషుల్ని లైన్లో నిలబెడితే మిషన్లు ఆగుతున్నాయి. దానికీ క్షణాల్లో మందు కనిపెట్టారు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికెళ్లేవాళ్లని అటునుంచటే క్యాంటీన్లోకి మళ్లిస్తారు. వినికిడి పరీక్ష నిశ్శబ్దమైన గదిలో చెయ్యాలనీ, శబ్దంలోంచి వచ్చిన చెవికి కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాకే చెయ్యాలనీ పుస్తకాల్లో ఉంది. పుస్తకాలు రాసినవాళ్లు ఎప్పుడూ టెండరు వేసి ఎరగరు. క్యాంటీన్ గోడ అవతల కంప్రెసరు. ఇవతల ఇడ్లీ ప్లేట్లు. మధ్యలో హెడ్‌ఫోన్లు.

‘కూర్చో. బీప్ వినపడితే వేలెత్తు.’

‘ఆఁ?’

‘బీప్! వినపడితే! వేలెత్తు!’

‘ఏంటి సార్?’

టెక్నీషియన్ విసిగిపోయి, ఎలా ఎత్తాలో తన వేలెత్తి చూపిస్తాడు. కార్మికుడు మర్యాదస్తుడు, తనూ ఎత్తుతాడు. నార్మల్. నెక్స్ట్. లేచి వెళ్లేటప్పుడు ఇంగ్లీషులో ఉన్న ఫీడ్‌బ్యాక్ ఫారం ఒకటి ముందు పెడతారు. ‘ఎక్సలెంట్’ దగ్గర టిక్కు ముందే పడి ఉంటుంది. సంతకం చేస్తే చాలు.

ఇప్పుడు ‘హెడ్’గారి ఫిర్యాదు సంగతి. చెవిలో గుయ్యిమంటోందనీ, ఇంట్లో పెళ్లాం పిలిస్తే వినపడటం లేదనీ (ఈ రెండోదాన్ని ఫిర్యాదుగా తీసుకోవాలా అని ఒకాయన చమత్కరించాడట) ఎవరైనా రాసి పెట్టెలో వేశాడనుకుందాం. పెట్టె హెచ్ఆర్ గది గుమ్మం పక్కనే ఉంటుంది, పైన సీసీ కెమెరా. ఎవరు వేశారో తెలియకపోతే వాళ్లకి సాయం చెయ్యడం ఎలా? తర్వాత ఆ కాగితం మీద ‘కాపా’ జరుగుతుంది. మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు. తప్పు ఎందుకు జరిగిందో కనిపెట్టి, దిద్ది, మళ్లీ జరక్కుండా చూసే శాస్త్రీయ పద్ధతి. మాత్ర రంగు మారితే దాని మూలం తేల్చడానికి వారాలు పడుతుంది. మనిషి చెవి విషయంలో పది నిమిషాల్లో తేలిపోతుంది. మూలకారణం: కార్మికుడి అవగాహనా లోపం. దిద్దుబాటు చర్య: అవగాహనా సదస్సు. నివారణ చర్య: ఇకపై ఫిర్యాదుకు ముందు సూపర్‌వైజరును సంప్రదించవలెను. స్టేటస్: క్లోజ్డ్. సదస్సు జరుగుతుంది కూడా. వక్త బాగానే మాట్లాడతాడు. వినవలసినవాడికే వినపడదు.

అయినా వదలకుండా ఎవడైనా గట్టిగా నిలదీస్తే డాక్టరుగారు చరిత్ర తవ్వుతారు. ‘వినాయకచవితికి డీజే ముందు చిందులేశావా?’ ‘వేశాను సార్.’ ‘అదీ సంగతి!’ ఏడాదికి తొమ్మిది రాత్రులు మోగిన డీజే ముద్దాయి. రోజుకి 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి మోగిన బాల్‌మిల్లు కనీసం సాక్షి కూడా కాదు. 8 గంటల షిఫ్టులో శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, బహుశా ఆ గోడ మీదే, ఫ్రేము వెనకాల.

ఇక కాంట్రాక్టు కార్మికుడు, అందులోనూ ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చినవాడు, ఫిర్యాదు చేస్తే పరిష్కారం ఇంకా సులువు. మర్నాడు గేటు దగ్గర అతని కార్డు పని చెయ్యదు. ఫిర్యాదుదారుడే లేనప్పుడు ఫిర్యాదెక్కడిది? గోడ మీది నిల్లులో పెద్ద వాటా ఇలాంటి కార్డులదే. ఇందులో హాస్యమేమీ లేదు కనుక ముందుకి పోతున్నాను.

పోనీ నా రిపోర్టయినా ఇవ్వండి అంటే ‘అది కాన్ఫిడెన్షియల్’ అంటారు. నిజమే, వైద్య రహస్యం చాలా పవిత్రమైనది. మేనేజరుకి తెలుసు, కాంట్రాక్టరుకి తెలుసు, ఎక్సెల్ షీట్ నింపిన కుర్రాడికి తెలుసు. చెవి ఎవరిదో అతనికి మాత్రం పొక్కకుండా కాపాడుతున్నారు. 1984లో భోపాల్‌లో జరిగింది చూశాక 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41సీ అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పనులు చేసేవాళ్ల ఆరోగ్య రికార్డులు ఉంచాలి, అవి కార్మికులకు అందుబాటులో ఉండాలి అని అందులో రాశారు. ఆస్బెస్టాస్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఆ పరిశ్రమల్లో రికార్డులు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు దాచాలంది. మనవాళ్ల దగ్గర టెండరు మారిందంటే పాత సంస్థతో పాటు దాని కంప్యూటరూ వెళ్లిపోతుంది.

శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం అదే చట్టం మూడో షెడ్యూల్లో ఉండేది. అంటే అలాంటి రోగిని చూసిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా తెలియజెయ్యాల్సి ఉండేది. తెలియజెయ్యకపోతే జరిమానా గరిష్ఠంగా 1,000 రూపాయలు ఉండేది. తెలియజేస్తే పోయేది కాంట్రాక్టు. ఈ లెక్క చెయ్యడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. డాక్టర్ల మీద నాకు కోపం లేదు. వృత్తి ఆరోగ్య సేవల్లో పనిచేసేవాళ్లు యజమానుల నుంచి పూర్తి స్వతంత్రంగా ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లోనే 161వ ఒడంబడికలో రాసింది. భారత్ దాన్ని ఆమోదించలేదు. జీతమిచ్చే చేతికే ఆ జీతగాడి కలం కూడా అప్పగించి, నిజం రాయలేదని జీతగాణ్ణి తిట్టడం ఏం న్యాయం? చెవిటివాడి ముందు శంఖమూదాడని ఊదేవాణ్ణి వెక్కిరించడం మనకి తరతరాల అలవాటు. ఆ చెవిటివాడు ఏ షెడ్డులో పనిచేసి అలా అయ్యాడో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలని కేంద్రం చాటింపు వేసింది. తనిఖీ చేసే అధికారి పేరు చివర ఫెసిలిటేటర్ అని కూడా చేర్చింది. మంచిదే. తలలు పెరుగుతాయి, బిల్లులు పెరుగుతాయి, క్యాంటీన్లో ఇంకో కుర్చీ వేస్తారు.

కార్మికుడు కస్టమరు కాడా అంటే, ఒకచోట అవుతాడు. ఈఎస్ఐ కేసులో 2007లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: కార్మికుడు చందా కడుతున్నాడు, కాబట్టి అది ఉచిత సేవ కాదు, అతను వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు. ఇప్పుడా చందా జీతంలో నూటికి ముప్పావలా. ముప్పావలా కట్టినవాడికి కోర్టు తలుపు తెరుచుకుంది. ఓహెచ్‌సీకి అతను పైసా ఇవ్వడు. ఇచ్చేది చెవి మాత్రమే, దానికి రసీదు లేదు.

అందుకని మిల్లుల్లో, క్రషర్లలో, ప్రెస్ షాపుల్లో పనిచేసే అన్నలకీ, చెల్లెళ్లకీ ఒక మనవి. శబ్దం వల్ల పోయిన వినికిడిని ఈఎస్ఐ వృత్తి వ్యాధిగా గుర్తిస్తుంది, శాశ్వత వైకల్యమని మెడికల్ బోర్డు తేలిస్తే నెలనెలా పరిహారం వస్తుంది. ‘వీడు చేరేటప్పటికే చెవిటివాడు’ అని అవతలివాళ్లు అన్న రోజున మీ చేతిలో ఉండాల్సింది చేరిన నాటి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) కాగితం. దాని నకలు ఇప్పుడే అడగండి. నోటితో వద్దు, కాగితం మీద అడగండి, మీ దగ్గరుండే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యం అంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి.