కొనబోయే గారు

పెళ్ళిలో అందరూ అక్షింతలు పట్టుకుని లేచి నిలబడితే, ఒకాయన మాత్రం తన ఇనప కుర్చీని బోర్లించి కాళ్ళ అతుకులు చూస్తుంటాడు. బస్టాండులో బెంచీ అడుగున వేలితో తడుముతాడు. ఇంద్రకీలాద్రి మీద క్యూలో వెనకవాళ్ళు "కదలండి బాబూ" అని నెడుతున్నా స్టీలు కమ్మీ దగ్గర ఆగి, కళ్ళజోడు పైకి నెట్టి, "ఇది టిగ్గు వెల్డింగు. చేప పొలుసుల్లా ఎంత వరసగా పడిందో చూశారా!" అంటాడు. ముందున్న ముసలమ్మ అదేదో మహిమ గల చోటనుకుని కమ్మీకి దణ్ణం పెడుతుంది.

ఈయనే కొనబోయే గారు. అసలు పేరు రేషను కార్డులో ఉంది. తన జీవితంలో మొట్టమొదటి వెల్డింగు మిషను కొనబోతున్నారు. ఎప్పటినుంచి అని అడక్కండి. ఆయన కొనబోవడం మొదలెట్టిన రోజుల్లో కొట్లో మెరుస్తున్న మోడళ్ళు ఇప్పుడు పాత ఇనుముకి వెళ్ళిపోయాయి.

ఈ జాతి ఒక్క ఊరిది కాదు. కూకట్‌పల్లిలో ఉంది, గాజువాకలో ఉంది. డాలస్‌లో ఇంటి వెనక గ్యారేజీ ఉన్న మనవాళ్ళలోనూ ఉంది. అక్కడాయనకి 120 వోల్టులదా, 240 వోల్టులదా అనే అదనపు ధర్మసందేహం. మనకా బాధ లేదు, ఇంటికొచ్చేది ఒకటే 230. అది నిజంగా 230 వస్తోందా అన్నది వేరే సందేహం, దానికోసం కొనబోయే గారు ఒక మీటరు కొని గోడకి బిగించారు. నాకు తెలిసిన ఈ బెజవాడాయన ఫిజిక్సు లెక్చరరు కావడంతో వ్యాధి కాస్త ముదిరింది.

మూలకారణం వీధి గేటు మడతబందు. అది ఊడింది. సందు చివర షెడ్డులో మేస్త్రిని పిలిస్తే టీ చల్లారేలోపు రెండు టాకాలు వేసి పోయేవాడు. కానీ ఆ పూట కొనబోయే గారి నోటినుంచి ఒక మాట వచ్చింది: "ప్రతిదానికీ ఒకర్ని పిలవడమేమిటి, మనకే ఒక మిషను ఉంటే పోలా?" ఆయన భార్య ఆ మాట విని సంతోషించారు కూడా. పాపం, ఆవిడకేం తెలుసు.

మొదటి మెట్టు సులువుగానే ఎక్కారు. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మరు మిషనా, ఇన్వర్టరు మిషనా? మొదటిది నలుగురు మోస్తే గానీ కదలదు, చిన్నమెత్తు ఖర్చుతో తరాల తరబడి పనిచేస్తుంది. రెండోది భుజాన తగిలించుకుని మేడెక్కచ్చు. ఇన్వర్టరు అని తేల్చారు. అక్కడ ఆగితే మనిషి బాగుపడేవాడు. కానీ ఆయన దగ్గర 'రేపెప్పుడైనా' అని ఒక మాటుంది. రేపెప్పుడైనా పల్చటి రేకు అతకాల్సొస్తే? అందుకు తీగ దానంతటదే వచ్చే మిగ్గు మేలు. మిగ్గుకి గ్యాసు కావాలి. మేడ మీద కృష్ణ గాలి వీస్తే ఆ గ్యాసు అతుకు దగ్గర నిలవదు. గ్యాసు అక్కర్లేని తీగ ఉంది గానీ దాని పొగ ఎదురింటివాళ్ళు ఒప్పుకోరు. రేపెప్పుడైనా స్టెయిన్‌లెస్ గిన్నె చెవి ఊడితే? టిగ్గు, దానికి ఆర్గాన్ సిలిండరు. రేపెప్పుడైనా అల్యూమినియం కిటికీ? దానికి మామూలు టిగ్గు చాలదు, ఏసీ కరెంటు ఇచ్చే టిగ్గు కావాలి. ఇలా ఒక మడతబందు కోసం బయల్దేరిన మనిషి, సాయంత్రానికి విమానాల మరమ్మతు దాకా వెళ్ళి తిరిగొస్తారు.

ఆంపియర్ల దగ్గరా అంతే. గేటుకి వాడే రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డుకి అరవై నుంచి తొంభై ఆంపియర్లు చాలు; ఆ మాత్రానికి ఇంట్లో ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది. కొనబోయే గారికిది తెలుసు. తెలిసే 200 నుంచి 250కి, అక్కణ్ణించి 400కి పెరిగారు. 400 అంటే మూడు ఫేజులు. మూడు ఫేజుల కోసం కరెంటాఫీసుకి దరఖాస్తు పట్టుకెళితే, "ఏం ఫ్యాక్టరీ సార్?" అని అడిగారట. "గేటండీ" అన్నారట ఈయన.

అయితే ఆయన్ని పూర్తిగా లొంగదీసింది డ్యూటీ సైకిలు. మిషను వెనక రేకు మీద 60 శాతం అని రాసుంటుంది. అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆ కరెంటు మీద కాల్చచ్చు, నాలుగు నిమిషాలు దాన్ని చల్లారనివ్వాలి. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది. ఆ లెక్క చుట్టుపక్కల వేడి 40 డిగ్రీలనుకుని వేస్తారన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనబోయే గారు చిన్న అక్షరాలే ముందు చదువుతారు. బెజవాడలో మే నెల 40 దగ్గర ఆగుతుందా? రోహిణి కార్తెలో మేడ మీద మిషను పెడితే దాని సంగతేమిటి? ఆయన గ్రాఫు గీశారు. ఎండాకాలం కొనకూడదని గ్రాఫు చెప్పింది. సరే, వానలు పడ్డాక కొందామంటే ఆషాఢం శూన్యమాసం. శ్రావణంలో మేడంతా తడి. తడిలో నిలబడి హోల్డరు పట్టుకోవడం ఆత్మహత్యతో సమానం, పైగా 7018 రాడ్లు చెమ్మ పీల్చుకుంటే పొయ్యిలో ఎండబెట్టి గానీ వాడకూడదు. (గేటుకి 6013 చాలు, దానికింత మడి అక్కర్లేదు. ఇదీ ఆయనకి తెలుసు.) కార్తీకంలో పరీక్ష పేపర్లు దిద్దాలి. పుష్యం మళ్ళీ శూన్యం. మాఘంలో పెళ్ళిళ్ళు, కుర్చీలు చూసుకోవాలి. ఇంతలో ఎండలొస్తాయి.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. మిషను తప్ప మిగిలినవన్నీ కొనేశారు. తోలు గ్లవుజులు పులిహోర గంగాళం దించడానికి కుదిరాయి. మూల సరిగ్గా నిలబెట్టే అయస్కాంతాలు ఫ్రిజ్జు మీద కరెంటు బిల్లుని తొంభై డిగ్రీల్లో పట్టుకునున్నాయి. తీగ బ్రష్షుతో మాడిన పెనం తళతళలాడుతోంది. అతుకు మీది పెచ్చు ఊడగొట్టే చిన్న సుత్తికి ఒకపక్క మొన, ఒకపక్క పదును; బెల్లం అచ్చు కొట్టడానికి అంతకంటే మంచి పనిముట్టు ఇంకా పుట్టలేదని ఇంటావిడ తీర్పు.

ఇక శిరస్త్రాణం. మంట వెలిగిన క్షణంలో వెయ్యో వంతైనా పట్టకుండా దానంతటదే నల్లబడే అద్దం. దాన్ని పెట్టుకుని వరండాలో లైటరు వెలిగించి చూసుకుంటారు. గ్రహణం నాడు పక్కింటి పిల్లలు అరువడిగితే మాత్రం ఇవ్వలేదు. వెల్డింగుకి పది, పదకొండో నంబరు అద్దం సరే, సూర్యుడికి పద్నాలుగుండాలని క్లాసు పీకారు. ఈ ఒక్క విషయంలో నేనాయన పక్షం. రోడ్డు పక్క వెల్డింగు మెరుపుని నోరు తెరుచుకు చూసే పిల్లల్ని రెక్క పట్టుకు లాక్కొచ్చేది ఊళ్ళో ఈయనొక్కరే. ఆ వెలుగు దెబ్బ అప్పటికప్పుడు తెలీదు, రాత్రి పడుకున్నాక కళ్ళలో ఇసక పోసినట్టు మొదలవుతుంది. ఆ బాధ ఆయనెప్పుడూ పడలేదు. పడాలంటే మిషనుండాలిగా.

ఒకసారి ఆటోనగర్ వెళ్ళారు. లారీ బాడీలు కట్టే మేస్త్రి ఒకాయన, గల్ఫులో పైపులు అతికి వచ్చినవాడు. పైపుని నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించి చుట్టూ అతకమనే 6జీ పరీక్ష నెగ్గాడు. కొనబోయే గారు ఆయన మిషను చుట్టూ ప్రదక్షిణం చేసి అడిగారు:

"మేస్త్రీ, దీని డ్యూటీ సైకిలు ఎంత?"

"పొద్దున తొమ్మిదికి ఎక్కుతామండి, ఒంటిగంటకి అన్నానికి దిగుతాం."

"అది కాదయ్యా. కాయిలు రాగిదా, అల్యూమినియందా?"

"తెలీదండి. మా మావయ్య కొన్నాడు."

"మరి నాలాంటి కొత్తవాడు ఏది కొనాలి?"

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "ఏదైనా కొనండి మాస్టారూ, మొదట్లో రాడ్డు అతుక్కుపోద్ది. అటూ ఇటూ ఊపి లాగాలి. ఒక కట్ట రాడ్లు, నాలుగు పాత యాంగిలు ముక్కలు పట్టుకుని ఆదివారం రండి, నా దాని మీదే తగలేద్దురుగాని. జీఐ పైపు మాత్రం తేకండి, ఆ పూత పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం."

కొనబోయే గారు ఇదంతా రాసుకున్నారు. ఆదివారం వెళ్ళలేదు, ఆ రోజు రెండు కంపెనీల గ్యారంటీ షరతులు పక్కపక్కన పెట్టి చదివారు.

నన్నడిగితే మేస్త్రి చెప్పినదానికి కలపాల్సింది ఒక్కటే. పెట్టె మీద పెద్ద అంకె చూసి మురవకుండా వెనక రేకు మీద అసలు కరెంటెంతో చూసి, చెడితే మన ఊళ్ళోనే బాగుచేసే కొట్లో, 200 ఆంపియర్ల ఇన్వర్టరు ఒకటి తెచ్చుకుంటే గేట్లు కట్టేవాడి మొదటి నాలుగేళ్ళూ గడిచిపోతాయి. కానీ ఇలాంటి మాటలు కొనబోయే గారి దగ్గర అనకూడదు. అంటే, 1904లో స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బెర్గ్ ఓడల బాయిలర్లు బాగుచేయడానికి రాడ్డుకి పూత ఎలా వేశాడో, అక్కణ్ణించి మొదలెడతారు.

ఈలోగా పక్కింటి కుర్రాడు, డిప్లొమా మొదటి ఏడు, మిషను కొనాలనుకుని సలహాకొచ్చాడు. కొనబోయే గారు ఒక సాయంత్రమంతా చెప్పారు. వాడు అందులో పావువంతు విని, మర్నాడే కొనుక్కొచ్చాడు. వారంలో మొక్కల స్టాండు చేశాడు; కుంటిదే, కింద ఇటిక ముక్క పెట్టాల్సొచ్చింది, కానీ తులసి కుండీ మోస్తోంది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే వీధి గేటు మడతబందు కూడా అతికేశాడు. కొనబోయే గారు కాలేజీ నుంచి వచ్చి, వంగి చూసి, "అంచు కొంచెం తినేసింది, కరెంటు తగ్గించాలి" అన్నారు. ఆ మాట నిజమే. కుర్రాడు తగ్గించాడు.

నిన్న వాడు మళ్ళీ వచ్చి గుమ్మంలోంచి కేకేశాడు. "పిన్నిగారూ, బాబాయిగారి పెచ్చులు కొట్టే సుత్తి ఒక్క గంట ఇస్తారా?"

లోపల్నించి జవాబొచ్చింది. "ఉండు నాయనా, అరిసెలకి బెల్లం కొట్టాలి. ఇంకో రెండచ్చులున్నాయి."