ఆప్షన్ల మావయ్య

ఇంటర్ ఫలితాలు వచ్చింది మొదలు డిగ్రీ సీట్ల దోస్త్ చివరి విడత ముగిసేదాకా మా కాలనీ ఆప్షన్ల మావయ్య కాలు ఇంట్లో నిలవదు. పిలవనక్కర్లేదు. ఫలానా వాళ్ల పిల్లాడు బీయస్సీ అంటున్నాడట అని చెవిన పడితే చాలు, పరామర్శకు వచ్చినట్టు వచ్చేస్తాడు.

"పోన్లే అమ్మా, వాడి రాత" అని ముందు తల్లిని ఓదారుస్తాడు. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చిందనీ, అయినా వాడికి ఫిజిక్సే కావాలటనీ ఆవిడ చెబితే కాఫీ గ్లాసు కింద పెట్టేసి తండ్రి వైపు తిరుగుతాడు: "ఇంట్లో ఎవరైనా ఏమైనా అన్నారా వీణ్ణి?"

దోస్త్ 2016లో వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టడంలో అప్పట్నుంచీ తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. అది పూర్తిగా అబద్ధమూ కాదు. "ముందు నీకు కావాల్సింది, తర్వాత నీకొచ్చేది, చివర్న వచ్చినా ఏడవకుండా చేరేది పెట్టు. పైన కష్టమైంది పెడితే కిందది పోతుందని భయపడకు" అంటాడు. ఈ ఒక్క మాటకి ఆయనకి దణ్ణం పెట్టొచ్చు. అక్కడితో ఆగితే!

ఆగడు. నిజాం కాలేజీ 1887 నాటిది కాబట్టి మంచిది. సిటీ కాలేజీకి మూసీ గాలి తగులుతుంది. అటానమస్ అంటే ఎవడూ ఏమీ అడగడు. (సిలబస్, పరీక్షలు కాలేజీయే చూసుకుంటుంది, పట్టా యూనివర్సిటీ ఇస్తుంది అని ఎవరో చెప్పబోతే వినలేదు.) గ్రూపులో కంప్యూటర్స్ తగిలించి తీరాలి, రేపు సంబంధాలు చూసేటప్పుడు పనికొస్తుంది.

"ల్యాబులెలా ఉంటాయి మావయ్యా? పర్మనెంటు లెక్చరర్లు ఎంతమంది?"

"కాలేజీ అన్నాక ఉంటార్రా. బస్సుందా లేదా అది చూడు."

మొన్న ఒకడు ఐసర్ అన్నాడు.

"ల్యాప్‌టాప్ తర్వాత కొందాం, ముందు కాలేజీ చెప్పు."

అదే కాలేజీ అనీ, సైన్సు చదువులదనీ, దేశంలో ఏడున్నాయనీ, ఒకటి 2015లో తిరుపతిలో పెట్టారనీ వాడు విడమర్చాడు. మావయ్య దోస్త్ జాబితాలో వెతికాడు. లేదు. "ఇందులో లేనిది కాలేజీ ఎలా అవుతుందిరా?"

దానికి ప్రవేశ పరీక్ష వేరు, అరవై ప్రశ్నలు, ఎంపీసీ వాడైనా బయాలజీవి పదిహేను చూడాలి, నేనప్పుడే రాసొచ్చాను అన్నాడు పిల్లాడు. మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"సీటొస్తే మాత్రం హాస్టల్లో చుట్టాల్ని ఉండనిస్తారేమో కనుక్కో. మూడొందల దర్శనం టికెట్లు నేను చూసుకుంటాను."