ఇంటిల్లిపాదీ ఎమ్మెస్

మన రెండు రాష్ట్రాల్లో ఎమ్మెస్ అనేది ఒక్కడు చదివే చదువు కాదు. కొడుకు సీటు తెచ్చుకుంటాడు, తండ్రి అప్పు తెస్తాడు, తల్లి ఆవకాయ పెడుతుంది, మేనమామ హామీ సంతకం పెడతాడు, తాతగారి ఎకరం పొలం బ్యాంకులో తాకట్టుకి వెళ్తుంది. పట్టా మీద మాత్రం ఒక్కడి పేరే వేస్తారు. అమెరికా వాళ్లకి ఉమ్మడి కుటుంబమంటే ఏం తెలుసు పాపం!

ఈ చదువుకి మొదటి సెమిస్టర్ అమీర్‌పేటలోనే అయిపోతుంది. ఎస్‌ఓపీ అంటే ఈ కోర్సు మీద నాకెందుకు ఆసక్తో నా మాటల్లో నేను రాసుకునే వ్యాసం. నా మాటలు కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర రెడీగా ఉంటాయి. చిన్నప్పుడు నాన్న కొన్న కంప్యూటర్ విప్పి చూసి డేటా సైన్స్‌తో ప్రేమలో పడ్డ పిల్లలు ఒక్క వీధిలోనే వందల మంది దొరుకుతారు. వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం యూనివర్సిటీ నుంచి రావాలంటే ఏడాది ఖర్చులకి సరిపడా సొమ్ము చూపించాలి. లేనివాళ్ల ఖాతాలో కొన్నాళ్లు డబ్బుంచి, కమీషన్ పుచ్చుకుని, మళ్లీ పట్టుకుపోయే పుణ్యాత్ములున్నారు. లక్ష్మీదేవి చంచల అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ తరవాత వీసా. చిలుకూరు బాలాజీకి ముందు 11 ప్రదక్షిణలు, పని అయితే 108. అక్కణ్నుంచి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. మొత్తం వ్యవహారంలో ‘ఏం చదువుతావు? ఆ యూనివర్సిటీయే ఎందుకు?’ అని అడిగే మనిషి ఆ అద్దం వెనక అధికారి ఒక్కడే. అడుగుతాడనే ఆయనంటే అందరికీ అంత భయం.

చుట్టాలు అలాంటి ఇబ్బంది పెట్టరు. లోను ఎంత, చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఎన్నాళ్లు అంటారు. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ కోర్సైతే ఇంకో 24. ఆ పైన ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాల కోటా ఏటా 85 వేలు. ఈ లెక్కలు మా వీధి కిరాణా కొట్టాయన కూడా తడుముకోకుండా చెబుతాడు. కోర్సులో ఏయే సబ్జెక్టులున్నాయో మాత్రం కుర్రాణ్నే అడిగినా చెప్పలేడు.

మన మనసెరిగి అమెరికా ప్రభుత్వమే ఓసారి మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి పెట్టింది. క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు, పరీక్షల బెడద లేదు. వెబ్‌సైటు ఉంది, ఫీజు ఉంది, ఐ-20 ఉంది. ఇంకేం కావాలి? దాదాపు 600 మంది చేరారు, ఎక్కువమంది మనవాళ్లే. 2019 జనవరిలో ముసుగు తీస్తే నడిపింది హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లు. విద్యార్థుల్ని చేర్పించిన 8 మంది మీద కేసులు పడ్డాయి. ఫీజు తీసుకుని పాఠం చెప్పని సర్కారు, పాఠం వినలేదని పిల్లల్నీ పట్టుకోవడం వాళ్ల దగాకన్నా గొప్ప దగా. అయితే 2011లోనే కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ గుట్టు రట్టయినప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. ఆ తరవాత ఎనిమిదేళ్లకీ మనం అదే క్యూలో నిలబడ్డాం.

అసలైన యూనివర్సిటీలో చేరినవాడి కథ వేరు. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచెయ్యకూడదు. ఇక్కడ బ్యాంకు వడ్డీకి ఆ నిబంధన లేదు, అది రాత్రింబవళ్లూ పనిచేస్తుంది. దాని వెనక పరిగెత్తడానికి కుర్రాడు దొంగచాటుగా పెట్రోలు బంకు కౌంటర్లో నిలబడతాడు. ఉద్యోగం కోసం చదువు, చదువు కోసం అప్పు, అప్పు కోసం ఉద్యోగం. మధ్యలో ఖాళీ దొరికితే క్లాసు.

వెళ్లొద్దని ఎవరూ అనరు. ఇష్టపడి చదివి పైకొచ్చినవాళ్లు బోలెడంతమంది. అమ్మానాన్నలకి ఒక్కటే మనవి. లోను కాగితాల మీద సంతకం పెట్టేముందు ఆ యూనివర్సిటీ వెబ్‌సైటు తెరిపించి, ఏ పాఠాలు చెబుతారో, ఎవరు చెబుతారో మీవాడి చేత పైకి చదివించండి. చదువుతూ చదువుతూ వాడే ఆవులిస్తే, కలానికి మూత పెట్టేయండి.