కూత లేని బండి: టీకా తాత్పర్య సహితము

అవతారిక. ఇంగ్లండులోని గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారు షంటింగుకూ, శాఖామార్గాల మీది చిన్న బండ్లకూ వాడుకున్న 5700 శ్రేణి ఆవిరి ఇంజన్లు 1929 నుంచి 1950 వరకు మొత్తం 863 తయారయ్యాయి. పెరికె ఎద్దు వీపున ఇరుపక్కలా గోతాలు వేలాడినట్లు వీటి బాయిలరుకు అటొకటి ఇటొకటి నీటితొట్లు వేలాడుతుంటాయి గనుక పానియర్ ట్యాంకు ఇంజన్లని పేరు. అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున, అనగా అసలులో సుమారు 76వ వంతు పరిమాణంలో, రసాయనంతో తొలిచిన పలుచని లోహపు రేకుల కిట్ కొనుక్కుని, ఇటువంటి ఇంజనునొకదానిని బల్లమీద కూర్చుకునే అభిరుచి బ్రిటనులో చిరకాలంగా ఉన్నది. కిట్‌తో వచ్చే సూచనల కాగితం సాధారణంగా సూత్రగ్రంథాలను మించిన క్లుప్తత గలది గనుక వ్యాఖ్య అవసరమైనది. కింది పద్యం ఏ ప్రాచీన కావ్యంలోనిదీ కాదు. మూలం లేని టీకకు మర్యాద ఉండదని టీక కోసమే పుట్టినది.

మడత గీత లోన మట్టము చూచుచు
రేకు మడచి యతికి రివెటు లొత్తి
చక్ర యుగము నడుమ సమకోణ మొనరించి
కూత లేని బండి కూర్చవలయు.

ప్రతిపదార్థం. మడత గీత = రేకును వంచవలసిన చోట సగం మందం మేర తొలిచిన గాడి; లోన = వంపుకు లోపలివైపున ఉండునట్లు; మట్టము = మూలమట్టమును; చూచుచు = ఆనించి పరీక్షించుకొనుచు; రేకు = ఇత్తడి లేక నికెల్ సిల్వరు రేకును; మడచి = వంచి; అతికి = టంకముతో మాటువేసి; రివెటులు = రివెట్ల తలలను పోలిన బుడిపెలను; ఒత్తి = వెనుకనుంచి పొడిచి పైకి తేల్చి; చక్ర యుగము నడుమ = ఒకే ఇరుసుకు రెండు కొసలనున్న చక్రముల మధ్య; సమకోణము = లంబకోణమును (అర్థాంతరం ముందు చెప్పబడును); ఒనరించి = కుదిర్చి; కూత లేని బండి = కూయని రైలింజనును; కూర్చవలయు = నిర్మింపవలెను.

తాత్పర్యం. రేకులను సక్రమంగా మడిచి, అతికి, రివెట్లు తేల్చి, చక్రాలను కోణం తప్పకుండా బిగించి ఇంజను తయారు చేయవలెనని భావం. ఇంతవరకు సూచనల కాగితంలోనూ ఉన్నది.

వ్యాఖ్య. ముందుగా రేకు సంగతి. కాంతి సోకితే గట్టిపడే పూతను రేకుకు రెండువైపులా పట్టించి, భాగాల బొమ్మ ఉన్న ఫిల్ములను దాని మీద ఉంచి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి, గట్టిపడని పూతను కడిగివేసి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణాన్ని చిమ్ముతారు. పూత లేనిచోట లోహం కరిగిపోతుంది. రెండువైపుల నుంచీ తొలిస్తే రేకు తెగుతుంది, ఒక్కవైపునే తొలిస్తే సగం మందం మిగులుతుంది. మడత గీతలూ, రివెట్ల గుంటలూ, తలుపుల అంచులూ అన్నీ ఈ సగం మందం చలవే. రెండువైపుల నుంచి వచ్చిన ద్రావణం మధ్యలో కలుసుకున్నచోట అంచు పొడవునా సన్నని గట్టు ఒకటి మిగిలిపోతుంది. దానిని ఆకురాయితో తీయనివాని ఇంజనులో ఏ రెండు భాగాలూ కుదురుగా ఆనవు. ఇక నికెల్ సిల్వరులో రాగి, తుత్తునాగం, నికెల్ తప్ప వెండి వీసమెత్తయినా ఉండదు. అయినా ఇత్తడి కంటే ఇది వేడిని నెమ్మదిగా పాకనిస్తుంది గనుక, ఒక మూల అతుకుతుండగా రెండో మూల ఊడిపోయే ప్రమాదం తక్కువై, అనుభవజ్ఞులకు ప్రీతిపాత్రమైనది.

"లోన" అనడంలోని ఔచిత్యం ఏమనగా, గాడి లోపలివైపున ఉంటే మడిచినప్పుడు దాని రెండు ఒడ్లూ దగ్గరై, తొంభై డిగ్రీల దగ్గర ఒకదానికొకటి ఆని, మడత తనంతట తానే ఆగుతుంది. వెలుపల అంచు పదునుగా వస్తుంది. తరువాత గాడి వెంట టంకం పారించితే సగం మందంలో పోయిన బలం తిరిగి వస్తుంది. గాడిని బయటికి ఉంచి మడిచినవాడు తప్పు గ్రహించి వెనక్కు మడిస్తే ఒకసారికి రేకు ఓర్చుకుంటుంది. మళ్ళీ మళ్ళీ మడిస్తే గీత వెంట విరుగుతుంది. రెండు పొరలను ఒకదానిపై ఒకటి పడేట్లు పూర్తిగా మడవవలసిన చోట మాత్రం గీత వెలుపలే ఉండవలెనని అపవాదం.

"చూచుచు" అనునది శత్రర్థకం, అనగా జరుగుతూనే ఉన్న పనిని చెప్పేది. కవి "చూచి" అనక "చూచుచు" అనుటచే, మూలమట్టాన్ని ఒక్కసారి ఆనించి పక్కన పెట్టుట కాదనీ, ప్రతి మాటుకు ముందూ వెనుకా చూడవలెననీ తెలియుచున్నది. ఛాసిస్‌ను, అనగా చక్రాలను మోసే చట్రాన్ని, దళసరి గాజుపలక మీద నిలిపి మూలలు ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూచుట దీనిలో భాగమే. ఒక మూల టకటకలాడితే అప్పటికప్పుడు మాటు కరిగించి సరిచేయవచ్చు, అడ్డుపట్టీలన్నీ అతికిన తరువాత మాత్రం ఆ వంకర ఇంజనుతోపాటే జీవిస్తుంది.

ఇక్కడ పూర్వపక్షి లేచి అడుగుతాడు: "మడచి, అతికి, ఒత్తి" అని క్త్వార్థకాలు వరుసగా ఉన్నవి కదా; క్త్వార్థకం ముందు జరిగిన పనిని చెప్పును గనుక, మడుచుట మొదటిది, అతుకుట రెండవది, రివెట్లు ఒత్తుట మూడవది కావలెను కదా? ఈ క్రమాన్ని నమ్మినవారి నీటితొట్లు నున్నగానే మిగిలిపోయాయి. తొట్టి పెట్టెలా మూసుకున్న తరువాత వెనుకనున్న గుంటను చేరడానికి దారి ఉండదు, దారి ఉన్నా దెబ్బకు ఆసరా ఉండదు. రేకు ఇంకా చదునుగా ఉండగానే, ముఖం కిందికి వచ్చేట్లు సీసపు దిమ్మ మీద పరచి, మొన మొద్దు చేసిన గీతసూదిని గుంటలో నిలిపి, చిన్న సుత్తితో ఒకే బరువుతో ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోవలెను. దెబ్బ ఎక్కువైతే సూది అవతలికి దూరుతుంది; తక్కువైతే ఆ రివెటు తల పక్కవాటి కంటే పొట్టిదై, రంగు వేసేవరకు కనిపించక, రంగు వేసిన తరువాత అదొక్కటే కనిపిస్తుంది. వరుస పూర్తయ్యేసరికి రేకు వంపు తిరుగుతుంది, దానిని మళ్ళీ చదును చేసుకోవలెను.

మరి పద్యక్రమం మాటేమిటి? పాఠక్రమం కంటే అర్థక్రమం బలీయమని మీమాంసకుల సిద్ధాంతం. హోమం ముందు చెప్పి, జావ కాచుట తరువాత చెప్పిన వాక్యంలో, ఆ జావతోనే హోమం చేయవలసి ఉన్నది గనుక కాచుటే ముందని వారు నిర్ణయించిరి. అట్లే ఇక్కడను ఒత్తుట, పిదప మడుచుట, పిదప అతుకుట అని అన్వయించుకోవలెను. కవికి యతి కుదిరినచోట కార్మికునికి పని కుదరదు. నిజం చెప్పవలెనంటే ఈ విద్యలో చేతి నేర్పు సగమైతే, ఏది ముందు ఏది వెనుక అన్న వివేకం మిగతా సగం, సూచనల కాగితాలు మౌనం వహించేది సరిగ్గా ఈ రెండవ సగం మీదనే.

"అతికి" అన్న ఒక్క మాటలోనూ ఈ పూర్వాపరాలే ఇమిడి ఉన్నవి. 188 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే టంకంతో ముఖ్యమైన పెద్ద భాగాలను మొదట అతికి, వాటి పక్కన వచ్చే చిన్న భాగాలకు 145 డిగ్రీల టంకం వాడితే, రెండవ మాటు వేసేటప్పుడు మొదటి మాటు కదలదు. పొగగొట్టమూ, డోమూ వంటివి ఇత్తడి పోతవైతే ఈ టంకాలకు లొంగుతాయి. ఆ పోత, మైనపు నమూనా చుట్టూ అచ్చు కట్టి మైనాన్ని కరిగించే పద్ధతిలో వచ్చినది, ఆదిలాబాదు ఓఝా పనివారి డోక్రా బొమ్మలదీ ఇదే సూత్రం. వైట్‌మెటల్ అనే మెత్తని మిశ్రలోహపు పోత భాగాలైతే మామూలు వేడికి కళ్ళముందే ముద్దయిపోతాయి గనుక, ఇత్తడి వైపున ముందుగా 145 టంకం పూసి, ఆపైన 70 డిగ్రీల వద్ద కరిగే టంకంతో అన్నిటికంటే చివర అతకవలెను. టంకం పారడానికి పూసే పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఆ రోజుకారోజే కడగవలెను. లేదా మరునాటికి పచ్చని చిలుము పలకరిస్తుంది.

మూడవ పాదంలో ఒక లోపం ఉన్నది. చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్ల ఊసే లేదు. వాటిని అధ్యాహారం చేసుకోవలెను, అది కూడా చట్రం కంటే ముందు. రాడ్ల బెజ్జాల మధ్య దూరమూ, చట్రంలో ఇరుసుల మధ్య దూరమూ తల వెంట్రుక తేడా లేకుండా ఒకటే కావలెను. చట్రాన్ని ముందు బిగించి దానికి రాడ్లను సరిపెట్టబోయేవారు బెజ్జాలను ఆకురాయితో సాగదీసి, ఇంజను కుంటితే మోటారును నిందిస్తారు. రాడ్లనే ముందు తయారుచేసుకుని, వాటిని కొలబద్దగా పెట్టుకుని ఇరుసులు తిరిగే దిమ్మలను చట్రానికి అతుకుట శిష్టాచారం.

ఇప్పుడు సమకోణం. అసలు ఇంజనులో రెండు సిలిండర్లు ఉంటాయి. ఒక పిస్టను కొసకు చేరి తోయలేని స్థితిలో ఉన్నప్పుడు రెండవది మధ్యలో ఉండి తోయగలగడానికి, ఒక పక్క చక్రపు క్రాంకును రెండవ పక్క క్రాంకు కంటే తొంభై డిగ్రీలు ముందుకు తిప్పి బిగిస్తారు. నమూనాలో ఆవిరి లేదు, 12 వోల్టుల మోటారు ఒక ఇరుసును గేర్ల ద్వారా తిప్పుతుంది, మిగిలిన రెండిటిని రాడ్లు లాగుతాయి. ఇక్కడ కోణం 90 కాక 88 అయినా ఇంజను నడుస్తుంది. కాని ఒక ఇరుసుకు 88, పక్క ఇరుసుకు 91 అయితే ప్రతి చుట్టుకూ ఒకచోట పట్టేస్తుంది. కనుక సమకోణమనగా లంబకోణమని చెప్పుట స్థూలార్థం, అన్ని ఇరుసులకూ సమానమైన కోణమని చెప్పుట సూక్ష్మార్థం; రెండవదే గ్రాహ్యం.

"నడుమ" అన్న పదం దగ్గర మూడు మతాలున్నవి. నిజమైన పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు. అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున 18.83 మిల్లీమీటర్లు రావలెను. కాని చాలామంది వాడే ఓఓ పట్టాల మధ్య 16.5 మాత్రమే ఉంటుంది. యూరపులో అడుగుకు 3.5 మిల్లీమీటర్ల కొలతకు చేసిన పట్టాలవి. బ్రిటిషు ఇంజన్లు స్వతహాగా చిన్నవి గనుక లోపల యంత్రం పట్టక, పట్టాలను అట్లే ఉంచి పైభాగాన్ని 4 మిల్లీమీటర్లకు పెంచారు. ఫలితంగా ఇంజను 4 అడుగుల 1½ అంగుళాల దారి మీద నడుస్తున్నట్లయింది. దేహమొక కొలత, దారి ఒక కొలత అని ఒప్పుకున్న ఈ మతం ద్వైతం. 18.2 మిల్లీమీటర్ల ఈఎం వారు భేదాన్ని తగ్గించి విశిష్టాద్వైతులైరి. 1960లలో బయలుదేరిన పీ4 వారు 18.83 తప్ప రెండవది లేదన్న శుద్ధాద్వైతులు. వారి చక్రాల అంచులు ఎంత సన్నమంటే పట్టాలలో ఇసుమంత ఎగుడుదిగుడున్నా మోక్షమే. కిట్ చేసినవారు మాత్రం ఏ మతస్థుని నొప్పించక, చట్రపు అడ్డుపట్టీలను తరచు మూడు వెడల్పులలోనూ రేకులో ఇస్తారు. తెలుగునేల మీద తిరిగిన 5 అడుగుల 6 అంగుళాల బ్రాడ్‌గేజి ఇంజనును ఈ కొలతలో చేయదలచినవానికి 22 మిల్లీమీటర్లు కావలెను. అది మూడు మతాలకూ బాహ్యం.

"బండి" జాతివాచకమని భ్రమపడరాదు. 5700 శ్రేణిలో 1933లో మొదలైన 8750 ఉపశ్రేణికి డ్రైవరు నిలిచే క్యాబు రూపం మారినది. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్టు వారు కొన్న పదమూడు ఇంజన్లు మెరూన్ రంగు వేసుకున్నవి. కనుక ఏ నంబరు ఇంజనో, ఏ సంవత్సరానిదో నిర్ణయించుకుని, దాని ఫోటోలు ముందుంచుకున్న తరువాతనే కత్తెర పట్టుట మేలు. డ్రాయింగు కంటే ఫోటోయే ప్రబల ప్రమాణం.

"కూత లేని" అనుట నేటి కాలానికి చెల్లదని కొందరు. తొట్టిలో చిన్న స్పీకరును దాచి, డిజిటల్ పరికరంతో కూత వినిపించేవారు ఉన్నమాట నిజమే. అయితే విశేషమేమనగా, గ్రేట్ వెస్టర్న్ ఇంజనుకు కూత గొట్టాలు ఒకటి కాదు, రెండు: మామూలు కూతకొకటి, బ్రేకు వేయమని గార్డుకు తెలుపుటకొకటి. నమూనాలో ఇవి కొన్ని మిల్లీమీటర్ల ఇత్తడి ముక్కలై, పట్టకారు జారితే గదిలో ఏ మూలకు పోయినవో తెలియకుండా పోతాయి. కూత లేకపోయినా గొట్టాలు రెండూ ఉండి తీరవలెను.

చివరిగా "వలయు". ఈ విధి ఎవరికి? అల్మరాలో కిట్లు పేర్చుకుని ఏళ్ళ తరబడి మూత తీయనివారు అనేకులు. వారికి దోషమా? మీమాంసలో కోరికతో చేసే కామ్యకర్మ చేయకపోయినా పాపం లేదు, మొదలుపెట్టిన తరువాత మాత్రం ముగించి తీరవలెను. అయితే మొదలుపెట్టుట ఎప్పుడు? కొనుట ఆరంభం కాదు. పెట్టె తెరిచి రేకును వెలుతురులో ఇటూ అటూ తిప్పి, మురిసి, మళ్ళీ కాగితంలో చుట్టిపెట్టుట సైతం ఆరంభం కాదు. చుట్టుపట్టీ నుంచి మొదటి భాగాన్ని కోసి వేరుచేయుటే ఆరంభమని నిర్ణయం. కావున మూత తీయని పెట్టెలు ఎన్ని ఉన్నా గృహస్థునికి దోషం అంటదు; ఒక బఫరు దూలం కోసి వదిలేసిన పెట్టె ఒక్కటి ఉంటే, ఇంకొకటి కొనేముందు ఇంట్లోవారు దానిని ఎత్తిచూపడం శాస్త్రసమ్మతమే.