అరకులో ఎకరం ఎంత?

తెలుగువాడికి కొండ కనబడితే రెండే ఆలోచనలు వస్తాయి. పైన దేవుడుంటే, మెట్లెన్ని? దేవుడు లేకపోతే, ఎకరం ఎంత? మూడో ఆలోచన వచ్చినవాణ్ణి కవి అంటాం. వాడికి పిల్లనివ్వం.

ఈ సూత్రాన్ని మొన్న కార్తీకంలో నా మిత్రులిద్దరు విశాఖ నుంచి అరకు దాకా కారేసుకుని వెళ్లి మరీ రుజువు చేశారు. ఒకాయన సబ్ రిజిస్ట్రారుగా రిటైరయ్యాడు, ఇంకొకాయన బ్యాంకు మేనేజరుగా. ఇంటర్లో ఒకే బెంచీ. ఆ తర్వాత జీవితమంతా ఒకే వ్యాపకం. ఆయన భూములకు ముద్ర వేశాడు, ఈయన ఆ ముద్ర చూసి అప్పులిచ్చాడు. ఇద్దరికీ తెలియని సర్వే నంబరు ఉత్తరాంధ్రలో లేదు. చూడని కొండలు మాత్రం బోలెడు. "ఇకనైనా ప్రకృతిని చూద్దాంరా" అని బయల్దేరారు. నడపడానికి ఎస్.కోట కుర్రాణ్ణి మాట్లాడుకున్నారు. వెనక సీట్లో జంతికల డబ్బాకీ బీపీ మాత్రల సంచీకీ మధ్య నాకూ కాస్త చోటిచ్చారు.

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు, అటూ ఇటుగా. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా మైదానమే. ఒకప్పుడు ఈ దారిలో మామిడి తోటలు, జీడి తోటలు. ఇప్పుడూ తోటలున్నాయి, ఎక్కువగా బోర్డుల మీద. చెట్లు కొట్టేసిన లేఅవుటుకు 'గ్రీన్' అనీ, చెరువు పూడ్చిన లేఅవుటుకు 'లేక్ వ్యూ' అనీ పేరు పెట్టడం మనవాళ్లకు తద్దినం పెట్టడం లాంటిది. పోయినవాళ్ల పేరు ఎవరో ఒకరు తలుచుకోవాలి కదా. ఒక బోర్డు మీద 'భోగాపురం ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలు' అని ఉంది. దేంట్లో వెళ్తే అన్నది రాయలేదు. విమానంలో కాబోలు.

"ఒరే, ఆ కొబ్బరిచెట్ల పక్క బిట్టు చూశావా? తొంభై ఎనిమిదిలో ఎకరం ఎంతకి రాశానో తెలుసా?" అన్నాడు రిజిస్ట్రారు.

"చెప్పకురా. ఇంకా టిఫిన్ అరగలేదు."

"పోనీ, ఇప్పుడు గజం ఎంతో చెప్పనా?"

"అది అసలే చెప్పకు."

అయినా చెప్పాడు. ఎస్.కోట దాకా కారులో ఎవరూ నోరు విప్పలేదు. గాంధీగారి వర్ధంతికైనా మనం పాటించేది రెండు నిమిషాలే. కొనకుండా వదిలేసిన స్థలానికి మాత్రం పన్నెండు కిలోమీటర్లు.

బొడ్డవర దాటితే ఘాట్ రోడ్డు మొదలు. లోయ ఒక మలుపులో కుడిచేతికి వస్తుంది, ఇంకో మలుపులో ఎడమచేతికి. పైకి వెళ్లేకొద్దీ చెవులు దిమ్మెక్కుతాయి, గాలి పల్చనై చల్లబడుతుంది. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ల నుంచి మిరియాల తీగ ఎగబాకుతోంది. ఆ నీడన కాఫీ మొక్కలు, కొమ్మ పొడవునా ఎర్రగా పండిన గుత్తులు. మేనేజరు కళ్లద్దాలు తీసి, పంచె కొసతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశాడు. కింద కాఫీ, నడుమ మిరియం, పైన కలప. పరవశించిపోయాడేమో అనుకున్నాను.

"జీ ప్లస్ టూ" అన్నాడు.

డముకు వ్యూపాయింట్ దగ్గర కారాపాం. ఎదురుగా కొండ వెనక కొండ, పచ్చదనం నీలమయ్యేదాకా. రిజిస్ట్రారు ఫోన్లో దిక్సూచి తెరిచి నాలుగు వైపులా తిరిగాడు. "ఈశాన్యం పల్లం, నైరుతి మెరక. దేవుడు వాస్తు చూసే కట్టాడురా" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. పక్కనే బొగ్గుల మీద మొక్కజొన్న కాలుస్తున్న ఆవిణ్ణి మేనేజరు పలకరించాడు.

"ఈ కొండ ఎవరిదమ్మా?"

"మాదే బాబూ."

"మీదంటే? పట్టా ఉందా?"

"మా తాతలనాటిది బాబూ."

"ఎకరం ఎంత ఉంటుందేం?"

ఆవిడ పొత్తు తిప్పింది. "పొత్తు ఇరవై. ఉప్పూ కారం రాయమంటారా?"

ఏజెన్సీలో భూమి రేటు గురించి ఇంత స్పష్టమైన సమాధానం నేను ఇంకెక్కడా వినలేదు.

"ఆవిడ అమ్ముతానన్నా నువ్వు కొనలేవులే" అన్నాడు రిజిస్ట్రారు కారెక్కుతూ. "వన్ సెవెంటీ ఉంది."

1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్ అది. జనం నోట్లో 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోవడానికి వీల్లేదు. గిరిజనుడు అమ్మినా చెల్లదు. అప్పటికే అక్కడున్న గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఇటు అరకు, పాడేరు, మారేడుమిల్లి, అటు తెలంగాణలో ఉట్నూరు, ఏటూరునాగారం, అన్నిచోట్లా ఇదే లెక్క. దీనికి చాలాముందే, 1917లో, ఏజెన్సీలో వడ్డీలకూ భూముల చేతిమార్పిడికీ కళ్లెం వేస్తూ తెల్లదొరలే ఒక చట్టం చేశారు. అంటే దేశాన్నే మింగినవాడు కూడా మన మైదానపు షావుకారు ఆకలి చూసి జడుసుకున్నాడన్నమాట. మన జాతికి ఇంతకంటే గొప్ప యోగ్యతాపత్రం ఎవరూ రాసివ్వలేదు.

మేనేజరుకు కడుపు మండింది. "మా అల్లుడు డల్లాస్‌లో ఇల్లు కొన్నాడురా. వాడికింకా గ్రీన్‌కార్డైనా రాలేదు. పుట్టిన గడ్డ మీద నేను సెంటు భూమి కొనలేనా? ఇదేం ప్రజాస్వామ్యం?"

ఆయన బాధలో న్యాయముంది. మన ప్రజాస్వామ్యంలో ఓటు ఉన్నది అమ్ముకోవడానికి, భూమి ఉన్నది కొనుక్కోవడానికి. రెండోది తీసేస్తే మొదటిదానికి అర్థమేముంది?

బొర్రా గుహల్లో ఆ మంట కొంత చల్లారింది. సున్నపురాయిని నీరు యుగాల తరబడి తొలిస్తే ఏర్పడిన గుహలవి. కప్పు నుంచి చుక్కచుక్కగా దిగిన సున్నం వేలాడే రాతి ఊడలైంది. ఒక ఊడ వేలెడు పెరగాలంటే వందల ఏళ్లు కావాలి. ఆ కొండ మీదుగానే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేశారు. మేనేజరు తల పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

"నెత్తి మీద గూడ్సు బళ్లు పోతున్నా ఒక్క పెచ్చు ఊడలేదురా! మా అపార్టుమెంట్లో పైవాళ్లు మిక్సీ వేస్తే చాలు, సున్నం రాలుతుంది. కార్పెట్ ఏరియా ఎంతుంటుందంటావు?"

"కామన్ ఏరియానే ఎక్కువ" అన్నాడు రిజిస్ట్రారు, గబ్బిలాలను చూపించి.

ఈ బొర్రా చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు ప్రైవేటువాళ్లకు గనుల లీజులిచ్చారు. 'సమత' అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదు, 1/70 చట్టం సర్కారుకూ వర్తిస్తుంది అని 1997లో కోర్టు తేల్చింది. రిజిస్ట్రారు ఈ కథంతా చెబితే మేనేజరు మొహం విప్పారింది. "అయితే గవర్నమెంటుకి కూడా లేదన్నమాట!" తనకు దక్కనిది పక్కవాడికీ దక్కలేదని తెలిసినప్పుడు తెలుగువాడికి కలిగే ప్రశాంతత ముందు హిమాలయాల్లో తపస్సు దిగదుడుపే.

గాలికొండ దగ్గర కాఫీకి ఆగాం. అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. అక్కడ దొరలు యూరోలు పోసి గుటకగుటకకీ కళ్లు మూసుకుంటారట. మావాళ్లు ఇక్కడ తోట గట్టున నిలబడి, మంచు మొహాన కొడుతుంటే, ఇన్‌స్టంట్ ఉందా అని అడిగారు. లేదంటే, మరి పాలెక్కువ వెయ్యమన్నారు. పాలు ఎక్కువైతే, కాఫీ పల్చనైందన్నారు. ఆ పక్కనే వెదురు బొంగులో మసాలా దట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకు బిగించి నిప్పుల మీద తిప్పుతున్నారు. కార్తీకం కాబట్టి మావాళ్లు వాసన మాత్రమే పీల్చి, పుణ్యం చెడకుండా మూడుసార్లు ఆ పొయ్యి చుట్టూ తిరిగారు.

లోయకు అవతల, కొండకొమ్మున నాలుగైదు ఇళ్లు కనబడ్డాయి. పెంకుల మీంచి పొగ లేస్తోంది.

"ఎంత ప్రశాంతంగా ఉందిరా! వైఫై లేదు, ఈఎంఐ లేదు" అన్నాడు మేనేజరు. "ఏం బాబూ, అక్కడికి కారు పోతుందా?"

"రోడ్డు లేదు సార్" అన్నాడు డ్రైవరు కుర్రాడు. "ఒంట్లో బాగోకపోతే డోలీ కట్టి దించుతారు."

చూడ్డానికి వచ్చినవాడికి నున్నటి తారు రోడ్డు, అక్కడే పుట్టినవాడికి రెండు భుజాల మీద డోలీ. నిండు గర్భిణిని అలా మోసుకొచ్చిన ఫొటో పేపర్లో పడితే ఆ రోజుకు అయ్యో అనుకుంటాం. మర్నాడు అదే లోయ ఫొటోకి 'స్వర్గం' అని పేరు పెట్టి స్టేటస్ పెట్టుకుంటాం. 1/70 చట్టం భూమిని పట్టుకుని నిలబెట్టింది గానీ, ఆ భూమి మీద ఉన్న మనిషిని ఆసుపత్రి దాకా తీసుకెళ్లే సెక్షన్ అందులో లేదు. ఆ సెక్షన్ రాయాల్సినవాళ్లు రిసార్టులో దిగి, కిటికీ తెరల రంగు బాగోలేదని అలిగి ఉంటారు.

అరకు లోయలో వలిసె పూలు విరగబూశాయి. కంటికందినంత మేర పసుపు. చేను గట్టున ఒక కుర్రాడు కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. లోపలికెళ్లి ఫొటో తీసుకోవాలంటే మనిషికి ఇరవై. "పువ్వు చూడ్డానికి డబ్బులేంట్రా?" అని మేనేజరు గట్టిగానే వాదించాడు. తర్వాత సెల్‌ఫోన్లో లెక్కలు వేశాడు: రోజుకి ఇన్ని కార్లు, కారుకి ఇంతమంది, పూలుండే రోజులు ఇన్ని, ఆపైన గింజ ఆడిస్తే నూనె. లెక్క తేలేసరికి గొంతు మారిపోయింది. "ఒరే, ఎరువు లేదు, కూలీ లేదు, పువ్వు పూస్తే డబ్బు. వీడికి లోనివ్వాలిరా!" ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఆయన ఒక రైతును అంత ఆరాధనగా చూడటం అదే మొదలేమో. అప్పు తీరకపోతే భూమిని నచ్చినవాడికి వేలం వేద్దామంటే మళ్లీ 1/70 అడ్డొచ్చింది. ఆరాధన అక్కడితో ఆగింది.

చీకటి పడుతుండగా రిజిస్ట్రారు గొంతు తగ్గించాడు. "దారి లేకపోలేదనుకో." సర్వీసులో ఉండగా ముద్ర వేయలేనివాటి గురించి ఆయనకు ముద్ర వేసినవాటి కంటే ఎక్కువ తెలుసు. ఏజెన్సీలో రోడ్డు పక్క లాడ్జీలు, రిసార్టులు కొన్నింటికి కాగితం మీద యజమాని స్థానిక గిరిజనుడు. గల్లాపెట్టె తాళం మాత్రం మైదానం నుంచి వచ్చినవాడి మొలతాడుకు ఉంటుంది. కాగితం మీది యజమాని అదే రిసార్టులో గదులూడుస్తుంటాడు. తన సొంత భవనాన్ని ఇంత శుభ్రంగా ఉంచుకునే యజమాని దేశంలో ఇంకెక్కడా దొరకడు.

"రిస్కురా" అన్నాడు మేనేజరు. నైతికంగా అభ్యంతరం చెబుతున్నాడేమో అని చెవులు రిక్కించాను. "వాడు ఎదురు తిరిగితే?"

తిరుగుదారిలో ఆయన తుది తీర్పు ఇచ్చేశాడు. "బాగానే ఉంది గానీ, ఏముందిరా అక్కడ? కొనడానికి ఏమీ లేదు."

అరకును చాలామంది పొగిడారు గానీ ఇంత నిజం ఎవరూ చెప్పలేదు. అది ఇంకా అరకులా ఉందంటే కారణం మన సౌందర్యదృష్టి కాదు, ఒక ముద్ర పడకపోవడం. అనుమానముంటే కొండ దిగి చూడండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్లు కట్టినవి, జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి. వాటి పక్కకే పొక్లెయిన్లు వచ్చాయని ఆమధ్య ఎంత గొడవైందో విశాఖవాసులకు గుర్తుండే ఉంటుంది. అక్కడ 1/70 లేదు. మనం ఉన్నాం.

కాబట్టి పర్యాటక శాఖవారికి ఒక మనవి. ఘాట్ రోడ్డు మొదట్లో స్వాగతం బోర్డు తీసేసి, 'ఇచ్చట చూచుట మాత్రమే. కొనుటకు ఏమియు లేదు' అని పెద్దక్షరాలతో రాయించండి. బాగా ఎత్తున, చేతికందకుండా పెట్టించండి. అందేలా పెట్టారా, తెల్లారేసరికి దాని కింద ఎవరో ఒకరు పది అంకెల ఫోన్ నంబరు వేసి, 'స్థానికుల పేరు మీద ఏర్పాటు చేయబడును' అని రాసేస్తారు. ఆ నంబరుకు మొదటి ఫోను ఎవరు చేస్తారో నేను చెప్పను. ఇంటర్లో ఒకే బెంచీ.